ఉత్సృష్ట వృషభానికి అద్దె ఎక్కడిది?



ఈ మాసాంతంలో మా ఆలయ కార్యవర్గం సమావేశమై ఒక తీర్మానం చేయబోతున్నది. ఆలయ గోశాలలోని ఒంగోలు ఆబోతును ఇకమీదట దాటుకు 2,000 రూపాయల రుసుము పుచ్చుకొని ఆవులవారికి ఇవ్వాలా, లేక సంవత్సరానికి 1,50,000 రూపాయలకు ఒక ఆసామికి కౌలుగా అప్పగించాలా, ఈ రెండింటిలో ఏది లాభదాయకం అన్నదే విచారణీయాంశం. రెండూ కూడవనే మూడవ పక్షానికి కార్యసూచికలో స్థానం లేదు. ఆ పక్షం నాది. సమావేశంలో అర్చకుడికి మాట్లాడే అవకాశం ఎంత ఉంటుందో నాకు అనుభవమే కనుక, ముందుగా ఇక్కడ విన్నవిస్తున్నాను.

ఆ ఆబోతు ఆలయానికి ఎట్లా వచ్చిందో మొదట చెప్పాలి. ఆరేళ్ళ క్రితం మా తాడేపల్లిలో ఒక వృద్ధ గృహస్థు కాలధర్మం చెందారు. జీవితమంతా గోసేవ చేసినవారు. కుమారుడు అమెరికా నుండి వచ్చి అపరకర్మలు జరిపించాడు. ఏకాదశాహం నాడు చేయవలసిన వృషోత్సర్జనం ఈనాడు చాలాచోట్ల దర్భలతో చేసిన వృషభంతోనో, ఆ పూటకు ఎవరి దొడ్డినుంచో తోలుకొచ్చిన దూడతోనో ముగిసిపోతున్నది. ఈ కుమారుడు మాత్రం, “మా నాన్నగారికి నిజమైన కోడెనే వదలాలి, పంతులుగారూ” అన్నాడు. ఒంగోలు ప్రాంతం నుండి మేలుజాతి కోడెదూడను తెప్పించారు. శాస్త్రం చెప్పిన చక్ర త్రిశూల చిహ్నాలను కాల్చిన ఇనుముతో కాక పసుపు కుంకుమలతో నేనే దిద్దాను. సంకల్పం నేనే చెప్పించాను. సర్వగోకులానికి, పితృప్రీత్యర్థం, స్వత్వత్యాగపూర్వకంగా అని అతని చేత నీళ్ళు వదిలించాను. ఊళ్ళో వదలడానికి చోటు లేక దానిని ఆలయ గోశాలలో ఉంచాము. అది కేవలం నివాసపు ఏర్పాటు. దానితో సంకల్పం మారలేదు.

ఈ తీర్మానం విషయమై ఇప్పుడు ఆ కుమారుణ్ణి ఫోనులో అడిగితే, “కమిటీవారు ఎట్లా అంటే అట్లా కానివ్వండి” అన్నాడట. అతణ్ణి నేను తప్పుపట్టను. కానీ అతడు అనుమతి ఇచ్చినా ఇవ్వకున్నా ఫలం ఒకటే. వదిలిన వస్తువుపై వదిలినవాడికే అధికారం లేదు. దత్తం చేసిన కన్యకు తండ్రి మరల వరుణ్ణి వెదకడు కదా.

వృషోత్సర్జనమంటే ఏమిటో మన గృహస్థులకే తెలియని దుర్దశ వచ్చింది కనుక కొంచెం విస్తరిస్తాను. పారస్కర గృహ్యసూత్రంలో దీనికి ప్రత్యేక ఖండిక ఉన్నది. విష్ణుస్మృతిలో 86వ అధ్యాయం మొత్తం దీని కోసమే. అక్కడి లక్షణాలు చూడండి. ఆ వృషభం పాలిచ్చే ఆవుకు, బతికిన దూడలున్న ఆవుకు పుట్టినదై ఉండాలి. సర్వలక్షణ సంపన్నం కావాలి. మందకు పతి కాగలిగినది కావాలి. నీలవృషభమైతే శ్రేష్ఠం. నీలమంటే రంగు నీలమనుకొనేరు. ఎర్రని దేహం, తెల్లని ముఖం, తోక, గిట్టలు, కొమ్ములు గలదానికి ఆ పేరు. దానితోపాటు నాలుగు పెయ్యలను కూడ అలంకరించి విడవాలి. అచ్చువేసిన కమ్మరికి అతడు కోరినంత కూలి ఇవ్వాలి. ఇక్కడ పాఠకులు ఒక్కక్షణం ఆగవలసింది. ఆ కర్మలో కూలి ఎవరికో శాస్త్రం మరువకుండా చెప్పింది. కమ్మరికి చెప్పింది, బ్రాహ్మణులకు భోజనం చెప్పింది. వృషభాన్ని ఉంచుకొన్నవాడికి ఆవులవారు ఇంత ఇవ్వాలని ఎక్కడా చెప్పలేదు. ఉంచుకొనేవాడే లేడు కనుక చెప్పలేదు. విడిచిన ఆ వృషభం ఏ చెరువులో నీళ్ళు త్రాగితే ఆ నీరంతా పితృదేవతలకు తృప్తినిస్తుందని ఫలశ్రుతి. అంటే అది స్వేచ్ఛగా తిరగాలి, చెరువులు తిరగాలి, మందలు తిరగాలి.

మన భాషలో “అచ్చోసిన ఆంబోతు” అనేది తిట్టు. పనీపాటా లేక ఊరి మీద పడి తిరిగేవాణ్ణి అంటాము. ఆ అచ్చు ఏమిటో, ఎందుకు వేశారో తెలిసినవాడు ఆ మాటను తిట్టుగా వాడలేడు. ఊరందరి ఆవులకు ఉచితంగా సంతానాన్ని ఇచ్చేది, ఒకరి సొత్తు కానిది అనడానికి గుర్తు ఆ అచ్చు. గౌరవచిహ్నాన్ని తిట్టుగా మార్చుకొన్న జాతికి, ఆ వృషభాన్ని కౌలుకివ్వడం పెద్ద విషయం కాదేమో.

ఇక పూర్వపక్షానికి వస్తాను. కార్యవర్గంలో చదువుకొన్నవారు ఉన్నారు. వారి వాదాలు తేలికైనవి కావు.

మొదటిది న్యాయశాస్త్రం నుండి వచ్చిన వాదం. ఒక న్యాయవాది గారు ఇట్లా సెలవిచ్చారు: “శ్రాద్ధంలో విడిచిన ఆబోతు ఎవరి ఆస్తీ కాదు అన్నది పాత తీర్పు. దేవాలయానికి సమర్పించినది మాత్రం అట్లా కాదు. మన ఆబోతు దేవాలయంలో ఉన్నది కనుక ఆలయానిదే. మాన్యం భూములను కౌలుకిస్తున్నాము కదా, దీనినీ ఇవ్వవచ్చు.” ఆయన చెప్పిన తీర్పులు ఉన్నమాట నిజం. 1880ల దశకంలో అలహాబాదు హైకోర్టు, ధర్మార్థం విడిచిన వృషభం ఎవరి సొత్తూ కాదు కనుక దానిని పట్టుకుపోవడం దొంగతనం కాజాలదని తీర్పు చెప్పింది. శాస్త్రజ్ఞానం లేని తీర్పు కాదది, ఫలితం మాత్రం దారుణం. విడిచిన వృషభానికి రక్షణే లేకుండా పోయింది. అదే దశకంలో మద్రాసు హైకోర్టు మరొక కేసులో, దేవుడికి సమర్పించి స్వేచ్ఛగా తిరగనిచ్చిన వృషభం అనాథ వస్తువు కాదనీ, దాని హక్కులూ బాధ్యతలూ ప్రథమదృష్టికి ఆలయ ధర్మకర్తవే అవుతాయనీ చెప్పింది. న్యాయవాది గారు “హక్కులు” దగ్గర ఆగిపోయారు. ఆ వాక్యంలో “బాధ్యతలు” అనే మాట కూడ ఉన్నది.

మాన్యంతో పోలిక చూద్దాము. మాన్యం భూమిని దాత ఏ సంకల్పంతో ఇచ్చాడు? ధూపదీప నైవేద్యాలకు ఆదాయం రావాలని. కౌలుకిస్తే ఆ సంకల్పం నెరవేరుతుంది. వృషభాన్ని దాత ఏ సంకల్పంతో విడిచాడు? సర్వగోకులానికి. కౌలుకిస్తే డబ్బుగలవారి గోకులానికే చేరుతుంది. ఒకే క్రియ ఒకచోట దాత సంకల్పాన్ని నెరవేరుస్తుంది, మరొకచోట భంగపరుస్తుంది. దేవుడి పేరున ఉన్నంత మాత్రాన అన్నీ అద్దె వస్తువులు కావు. స్వామివారి గర్భాలయాన్ని వివాహాలకు అద్దెకిస్తామా?

రెండవ వాదం నాకు నచ్చిన వాదం. దీనిని తెచ్చినవారు సంస్కృతం తెలిసిన ఒక ఉపాధ్యాయులు. నేను ఒక సందర్భంలో మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయాన్ని ప్రస్తావించాను. ఒకరి ఆబోతు ఇతరుల ఆవులయందు నూరు దూడలను కన్నా ఆ దూడలు ఆవులవారివే, ఆబోతు స్వామికి ఏమీ లేదు అని అక్కడ ఉన్నది. ఆయన వెంటనే పట్టుకొన్నారు: “అయ్యా, అది క్షేత్రబీజ విచారణలో దృష్టాంతం. విధి కాదు. పైగా దూడ మీద హక్కు లేదన్నదే గాని, దాటుకు రుసుము పుచ్చుకోరాదని అనలేదు.” రెండు మాటలూ సత్యమే. ఒప్పుకొంటున్నాను. కాని మీమాంసకుడు ఇంకొక మాట అంటాడు. దృష్టాంతమనేది వాదికీ ప్రతివాదికీ సమ్మతమై, లోకప్రసిద్ధమై ఉండాలి. వివాదగ్రస్తమైన దానిని ఎవరూ దృష్టాంతంగా చూపరు. కావున ఆ స్మృతికాలంలో ఆబోతు స్వామి చేతులూపుకొంటూ ఇంటికి పోవడం లోకానికి తెలిసిన సంగతే అని సిద్ధిస్తున్నది.

రుసుము మాట ఎందుకు రాలేదు అంటారా? దానికి సమాధానం వేరొక చోట ఉన్నది. అదే నా వాదానికి ఆయువుపట్టు. పైరు మేసిన పశువుకు శిక్ష చెప్పే ప్రకరణంలో మనువు గాని యాజ్ఞవల్క్యుడు గాని కొన్నిటికి మినహాయింపు ఇచ్చారు. ఈని పది దినాలు దాటని ఆవు, మహోక్షం అనగా మందకు విత్తనపు ఆబోతు, ధర్మార్థం విడిచిన పశువు, ఇవి పైరు మేసినా దండన లేదు. మన రైతు పూర్వులు ఈ మాటను చదవకుండానే ఆచరించారు. నా బాల్యంలో అచ్చుపడిన ఆబోతు జొన్నచేలో దిగితే రైతు కర్ర ఎత్తేవాడు కాదు, “వెళ్ళు స్వామీ, వెళ్ళు” అని అదిలించి గట్టు దాటించేవాడు. అప్పటికి అది నాలుగు కంకులు తినే ఉండేది. ఆ నాలుగు కంకులే దాని కూలి. ప్రతి చేనూ, ప్రతి గట్టూ ఆబోతు కూలిని ముందుగానే చెల్లించింది. చెల్లించిన కూలికి మరల రుసుము అడగడం ఒకే అప్పును రెండుసార్లు వసూలు చేయడమే.

“ఆ చేలు ఇప్పుడెక్కడున్నాయి పంతులుగారూ?” అన్నది మూడవ వాదం. ఇది శాస్త్రవాదం కాదు, కన్నీటివాదం. దీనికి తలవంచక తప్పదు. మా తాడేపల్లి కృష్ణకు ఈవలి ఒడ్డు. ఆవల విజయవాడ. జాతీయ రహదారి, అంతస్తుల భవనాలు, 2015లో మొదలైన రాజధాని భూసమీకరణ, వీటి మధ్య పశువుల బీళ్ళు కరిగిపోయాయి. దక్షిణంగా గుంటూరు దాటి ప్రకాశం వైపు పోతే చేలున్నాయి, కాని అవి జొన్నచేలు కావు. పత్తి, మిర్చి. పురుగుమందు కొట్టిన మిరపతోటలో ఆబోతు దిగితే అది దాని ఆఖరి మేత. గుండ్లకమ్మకూ మూసికీ మధ్య నల్లరేగడిలో జొన్నచొప్ప తిని పెరిగిన జాతి ఇది. ఆ చొప్పే తగ్గింది. ట్రాక్టరు వచ్చాక కోడెదూడకు ధర లేదు, బండలాగుడు పందేలకు పనికొచ్చేదానికి తప్ప. ఆబోతును వదలడానికి నేల లేదన్నది నేను కాదనలేను.

గోశాల లెక్కలు కూడ నా దగ్గరే ఉన్నాయి. పచ్చిగడ్డి, చొప్ప, తవుడు, ఉలవలు, పత్తిచెక్క కలిపి ఆ ఒక్క ఆబోతుకు రోజుకు 300 రూపాయలు తగ్గదు. ఏడాదికి 1,09,500. ఆలయానికి అది బరువే. కార్యవర్గంవారు దురాశాపరులని నేను అనడం లేదు. ఒకరు మాత్రం ఫోనులో ఒక చిత్రం చూపించారు. బ్రెజిలులో వియాటినా-19 అనే నెలోరు ఆవు వెల 40 లక్షల డాలర్లు పైబడిందట, గిన్నిసు పుస్తకానికి ఎక్కిందట. నెలోరు అంటే మన నెల్లూరే, మన ఒంగోలు జాతే. 1868లో ఓడలో బాహియా రేవుకు చేరిన జంటతో అక్కడ కథ మొదలైందని, ఆ పిమ్మట 1960ల మొదట్లో పోయిన కోడెలతో బలపడిందని చెబుతారు. నేడు ఆ దేశపు పశుసంపదలో సింహభాగం ఈ జాతిదే. “మనం ఉచితంగా దాటిస్తున్నాము, వాళ్ళు కోట్లు గడిస్తున్నారు” అని ఆయన బాధ. అయ్యా, బ్రెజిలుకు ఎగుమతి కాగలిగినంత మేలైన జాతిని ఇక్కడ నిలిపింది ఎవరు? ఊరి పెద్దలు ఎంచి, అచ్చువేసి, ఊరుమ్మడిగా విడిచిన ఆబోతులు. ఆంగ్లేయ పశుశాస్త్రజ్ఞులే ఆ మాట ఒప్పుకొన్నారు.

ఆ ఆంగ్లేయులు మరొక మాట కూడ అన్నారు, అది మనకు చేదు. కాలక్రమాన గృహస్థులు లక్షణవంతమైన కోడెను కాక, చవకగా దొరికిన బక్కదూడను విడవసాగారని, దానివలన మందలు క్షీణించాయని. 1926లో ఏర్పడిన రాయల్ వ్యవసాయ కమిషను కూడ ఈ సంగతి చర్చించింది. 1940లో మద్రాసు ప్రభుత్వం పశువృద్ధి చట్టం తెచ్చి, ఆబోతుకు అనుమతిపత్రం ఉండాలి, లేనిదానిని వృషణచ్ఛేదం చేయించాలి అనే వరకు వెళ్ళింది. మతంలో జోక్యమని మనం అన్నాము. నిజానికి విష్ణుస్మృతి చెప్పిన లక్షణాలను మనం మొదట పాటించి ఉంటే ఆ చట్టానికి పనే ఉండేది కాదు. లక్షణహీనమైన దూడను వదలవద్దన్న శాస్త్రాన్ని అతిక్రమించింది యజమాని, అతిక్రమించనిచ్చింది పురోహితుడు.

పురోహితుడి మాట వచ్చింది కనుక నాల్గవ వాదం ఇక్కడే చెబుతాను. ఇది నా మీదికే గురిపెట్టినది. “మంత్రానికి దక్షిణ పుచ్చుకొంటున్నారు, ఆబోతుకు రుసుము ఎందుకు కూడదు?” దక్షిణ మూల్యం కాదు, యథాశక్తి అని పాఠశాలలో మాకు చెప్పారు. ఆ సమాధానమే ఇచ్చి తప్పించుకోవచ్చు. కాని ఈనాడు పూజల పట్టిక గోడకు అంటించి ఉన్నది, అందులో నాకూ భాగం వస్తున్నది. గృహప్రవేశానికి ఆవును గంటకింత అని తోలుకురావడం మావాళ్ళే అలవాటు చేశారు. ఒకే ఆవును ఒకే ఉదయం నాలుగు ఇళ్ళలో గోదానం ఇప్పించి, సాయంత్రానికి మరల దొడ్డికి చేర్చిన ఘనత మా వృత్తిది. పశువును అద్దెకు తిప్పవచ్చునని లోకానికి నేర్పినవారిలో మేమూ ఉన్నాము. ఈ అభియోగానికి నేను ప్రతివాదం చేయను. ఒక్కటి మాత్రం అంటాను. నా దోషం సంకల్పాన్ని రద్దు చేయజాలదు. సాక్షి దుర్బలుడైనా సాక్ష్యం సాక్ష్యమే.

ఇతర దేశాల మాట కొంచెం. ఇంగ్లండులో పూర్వం అనేక గ్రామాలలో చర్చి పురోహితుడు రైతుల నుండి దశమభాగం పుచ్చుకొంటున్నందుకు ప్రతిగా ఊరి ఆవుల కోసం ఒక ఆబోతును, పందుల కోసం ఒక మగపందిని పోషించవలసి ఉండేది. రుసుము లేదు. గ్రామస్థుల హక్కు అది. మా వీధికి పాలు పోసే ముస్లిం సోదరుడు ఈ తగవు విని, తమ హదీసుల్లో మగ పశువు దాటుకు వెల పుచ్చుకోరాదనే నిషేధం ఉన్నదని చెప్పాడు. విచారించాను, బుఖారీ సంకలనంలో ఉన్నదే. వారి ధర్మవేత్తల్లో కొందరు కాలపరిమితితో అద్దెను ఒప్పుకొన్నారు కూడ. ఎక్కడెక్కడి మనుష్యులో ఒకే సందేహంతో ఒకే గుమ్మం దగ్గర నిలబడ్డారన్నది నాకు ఆశ్చర్యం కలిగించింది. దాటులో ఏది అమ్ముతున్నాడు అమ్మేవాడు? ఆవు చూడి కడుతుందో లేదో అతని చేతిలో లేదు. చేతిలో లేనిదానికి వెల ఎట్లా కడతాడు?

ఇక కౌలు మాట. ఇది రుసుముకంటె ఘోరం. పదిహేనేళ్ళ క్రితం మా గోశాలలో ఉన్న మునుపటి ఆబోతును, అప్పటివారు ఒక కారు కాలానికి దూరపు ఊరికి అద్దెకు పంపారు. నేను అభ్యంతరం చెప్పలేదు. అప్పటికి నాకు ఇంత ఆలోచన లేదు. వారానికి రెండు మూడు దాట్లకు మించకూడదని పశువైద్యులు చెబుతారు. కౌలుకు తీసుకొన్నవాడికి ఆ లెక్క ఎందుకు? అతనికి రోజు ఒక నాణెం. నాలుగు నెలల తర్వాత పక్కటెముకలు లెక్కపెట్టేటట్లుగా, ముక్కుతాడు కోసిన పుండుతో తిరిగి వచ్చింది. మేత పెడితే నెలలో కోలుకొన్నది. అంతటితో అయిందనుకొన్నాము. ఆ తర్వాత మా వీధుల్లో దానితో దాటించిన ఆవులు ఒకటొకటిగా మరల మరల ఎదకు రావడం మొదలైంది. నిలిచాయనుకొన్నవి రెండు మూడు నెలలకే ఈసుకుపోయాయి. పశువైద్యుడు వచ్చి పరీక్షలు చేయించి, ఇది దాటు వలన వ్యాపించే సూక్ష్మజీవి, ఆబోతులో ఏ లక్షణమూ కనబడదు, అది మోసుకు తిరుగుతుంది, ఆవులు నష్టపోతాయి అన్నాడు. ఎక్కడ అంటుకొన్నదో వేరే చెప్పాలా? ఆ ఆబోతును ఆ రోజునుండి ఏ ఆవు దగ్గరకూ పోనివ్వలేదు. చనిపోయే వరకు గోశాల మూలన కట్టుకొయ్యకు ఉండిపోయింది. నేను రోజూ ప్రదోషానికి ముందు దాని పక్కనుండే నడిచేవాణ్ణి. అద్దె ఎంత వచ్చిందో ఇప్పుడు ఎవరికీ జ్ఞాపకం లేదు.

అయితే ఒకే ఆబోతు ఒకే ఊళ్ళో ఉండిపోవాలా? అక్కరలేదు, ఉండరాదు కూడ. మూడేళ్ళు దాటితే దాని పెయ్యలే ఎదకు వస్తాయి. సగోత్రం దోషమని మనుష్యులకు చెప్పే మనం పశువుల విషయంలో కళ్ళు మూసుకోరాదు. ఊరూ ఊరూ ఆబోతులను మార్చుకోవాలి, రక్తపరీక్ష, దాటువ్యాధుల పరీక్ష చేయించి మార్చుకోవాలి. కౌటిల్యుడు నూరు పశువుల మందకు నాలుగు వృషభాలు ఉండాలన్నాడు. ఒక్కదానితో నూరింటికి లాభం పిండమనలేదు. వినిమయం వేరు, అద్దె వేరు.

సూది వేయించుకొంటే సరిపోతుంది కదా, ఈ గొడవంతా దేనికి అనేవారికి ఒక్కమాట. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒంగోలు జాతి మీద జరిగే కృషి పట్ల నాకు గౌరవమున్నది. మైనస్ 196 డిగ్రీల చలిలో 0.25 మిల్లీలీటర్ల గొట్టంలో ఒక జాతిని దాచడం సామాన్య విషయం కాదు. అంటువ్యాధుల దృష్ట్యా అది క్షేమం కూడ. కాని పది ఆవులకు సూది వేస్తే నాలుగు నిలిస్తే మేలు అని వేసేవారే అంటారు. మిగిలిన ఆరింటి కోసం, ఎద బయటపడని ఆవుల కోసం, అర్ధరాత్రి ఎదకు వచ్చినవాటి కోసం ఆబోతు ఉండాలి.

మా వెనుక సందులో ఒక తల్లి ఉన్నది. భర్త లేడు. ఒక్క ఆవు. ఆ పాలే జీవనం. రెండుసార్లు సూది వేయించింది, నిలవలేదు. ఆవు వట్టిపోయి ఏడు నెలలైంది. దాటుకు 2,000 అంటే ఆమెకు ఏమవుతుందో కార్యవర్గంలో ఒక్కరూ అడగలేదు. నేను అడిగితే, “పేదలకు రాయితీ ఇద్దాము” అన్నారు. తెల్ల రేషనుకార్డు చూపించాలట. సర్వగోకులానికి అని నీళ్ళు వదిలిన వృషభం ముందు, ఆవు తన యజమానురాలి రేషనుకార్డు పట్టుకొని నిలబడాలన్నమాట!

పోషణ ఎట్లా అని అడుగుతారు. అడగవలసిందే. మా గోశాలకు ఆవులను తోలుకొచ్చే ఇళ్ళలో ఉన్న ఆవులను నేను తిరిగి లెక్కపెట్టాను. 110. ఆవుకు ఏడాదికి 1,000 రూపాయల విలువ చేసే మేత అనుకొంటే ఆబోతు ఖర్చు దాదాపు అంతే. ఇది రుసుము కాదా అని ఉపాధ్యాయులవారు మరల పట్టుకొంటారు, తెలుసు. కాదు. రుసుము దాటును బట్టి వస్తుంది, మేత దాటుతో సంబంధం లేకుండా వస్తుంది. ఆవు ఆ ఏడు ఎదకు రాకున్నా ఇస్తారు, ఇవ్వలేనివారు ఇవ్వరు, ఎవరెంత ఇచ్చారో తలుపు దగ్గర చూడరు. చేల గట్లు పూర్వం చెల్లించినది ఇదే. గట్లు పోయాయి కనుక గడపలు చెల్లిస్తాయి. పాతిక ఆవులున్న డెయిరీవారు పాతిక పాళ్ళు ఇస్తారు. వెనుక సందులోని తల్లి ఒక మోపు గడ్డి ఇస్తుంది, లేదా ఏమీ ఇవ్వదు. తక్కువపడితే పూజల పట్టికలో నా భాగం నుండి ఆ మేరకు మినహాయించుకోమని కార్యవర్గానికి లిఖితపూర్వకంగా ఇచ్చాను. చదివినవారు నవ్వారని విన్నాను.

సమావేశంలో నేను అడగబోయేది ఒకటే. తీర్మానం చదవడానికి ముందు ఆనాటి సంకల్పం చదవనివ్వండి. అది నా పుస్తకంలో తిథివార నక్షత్రాలతో సహా వ్రాసి ఉన్నది. ఆ పిమ్మట చేతులెత్తేవారు ఎత్తవచ్చు. రుసుము తీర్మానం నెగ్గితే గోశాల తాళంచెవి కార్యదర్శిగారికి ఇచ్చేస్తాను. స్వామివారి అర్చన చేస్తాను, ఆ రసీదు పుస్తకం మాత్రం నా చేత ముట్టను.

నిన్న సాయంత్రం దీపారాధన వేళ ఆ తల్లి ఆవును తోలుకొని వచ్చింది. రెండు రోజులుగా అరుస్తున్నదట. “ఎంత కట్టాలి అయ్యగారూ?” అని అడిగింది, ఎవరో ముందే చెప్పినట్టున్నారు. తీర్మానం ఇంకా కాలేదమ్మా అన్నాను, తాళం తీశాను.